మద్దయ్య అయ్యవారి రాతపిచ్చి

మద్దయ్య అయ్యవారు నోటిమాటను మాట కింద జమకట్టేవారు కాదు. ఎవరు ఏం చెప్పినా, ఎంత అవసరంగా చెప్పినా, తలైనా ఎత్తకుండా "రాసియ్యి" అనేవారు. కాగితం మీదికి ఎక్కని సంగతి లోకంలో జరగనట్టే ఆయనకు. వాన పడుతోందని ఎవరైనా చెబితే కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేవారు కాదు, రాసిమ్మనేవారు. మా సీమలో వాన పడడమే అపురూపం. ఆ ముక్క రాసిచ్చేలోపు అది వెలిసిపోయేది.

ఆయన దగ్గర నేను రెండో మాస్టరుగా 1929 జూన్‌లో చేరాను. నంద్యాలలో ట్రైనింగు ముగించుకుని, బేతంచెర్లలో రైలు దిగి, ఐదు మైళ్లు ఎండలో నడిచి సాలెదిన్నె చేరాను. ఎనభై గడపల ఊరు. అరవై మగ్గాలు. ఊరి చివర నాపరాళ్లు కప్పిన ఒంటిగది, అదే తాలూకా బోర్డు ఎలిమెంటరీ స్కూలు. నేను లోపలికి అడుగుపెట్టేసరికి అయ్యవారు నేల మీద కూర్చుని హాజరుపట్టీ దిద్దుకుంటున్నారు. ఆయన కుడికాలి పక్కన జానెడు నల్లతేలు కొండి ఎత్తి నిలబడి ఉంది.

"అయ్యవారూ, తేలు!" అని అరిచాను.

"రాసియ్యి," అన్నారు.

కొత్త ఉద్యోగం. పెద్దాయన మాట. కాగితం తీసి "మీ కుడికాలి సమీపమున తేలు ఉన్నది" అని రాసి ఇచ్చాను. ఆలోపు తేలు తన దారిన తాను గోడ సందులోకి వెళ్లిపోయింది. అయ్యవారు కాగితం రెండుసార్లు చదివి, కాలు చూసుకుని, "సమీపమున అనే మాట బాగుండాది. తేదీ వెయ్యలేదేం?" అన్నారు.

ఇంట్లోనూ ఇదే తంతు. ఆయన భార్య హంపమ్మగారు వంటింటి గడపకు ఒక పలక కట్టుకుని ఉండేది. "ఉప్పు లేదు." "కట్టెలు తడిసినవి." "మీ తమ్ముడు వచ్చి వెళ్లినాడు." కోపం వచ్చినప్పుడు అక్షరాలు పెద్దవయ్యేవి. ఒకసారి ఏదో మాటకు మాట పెరిగి పలక చాలక, బొగ్గుతో గోడంతా రాసిపడేసింది. అయ్యవారు నిలబడి, మొదటి నుంచి చివరి దాకా చదివి, రెండు చోట్ల దీర్ఘాలు దిద్ది, "నిజమే. తప్పు నాదే" అని ఆ గోడ మీదే కింద సంతకం పెట్టారు.

నేను వచ్చిన వారానికి ఊరి పెద్దలు ముగ్గురు బడికి వచ్చారు. నేను క్రైస్తవుణ్ణి. అంతకుముందు మా తాతలది ఏ కులమో వాళ్లు అప్పటికే ఆరా తీసి ఉన్నారు.

"ఏం లేదు అయ్యోరా, ఈ కొత్తాయప్ప మా పిల్లోళ్ల పలకలు ముట్టకుండా చూసుకుంటే సాలు," అన్నారు.

"రాసియ్యండి," అన్నారు అయ్యవారు. "మీ పేరు, మీ నాయన పేరు, కింద సంతకం. ఏంటికి ముట్టుకోకూడదో కారణం కూడా రాయాల."

మూడు రోజులు ప్రయత్నించారట. కారణం దగ్గర కాగితం ఆగిపోయిందట. నాలుగో రోజు నుంచి ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు. ముసలాయన పిచ్చి వల్ల నా అదృష్టం బాగుందని అప్పట్లో అనుకున్నాను.

అన్నిటికంటే పెద్ద తమాషా బడి మానిపించడంలో ఉండేది. సాలెదిన్నెలో ప్రతి తండ్రికీ ఏదో ఒక రోజు పిల్లను బడి మానిపించాలనిపించేది. మగ్గం దగ్గర నూలు కండెలకు చుట్టే చెయ్యి కావాలి మరి.

"అయ్యోరా, మా హనుమమ్మ రేపట్నుంచి రాదు," అన్నాడు ఒకరోజు ఆదెన్న. మంచి నేతగాడు, మాట తక్కువ మనిషి.

"రాసియ్యి."

"నాకు రాసేకి యాడొస్తాది?"

"నువ్వు గాదప్పా, పిల్ల రాయాల. నువ్వు సంతకం పెట్టాల. వేలిముద్ర పనికిరాదు. అర్జీలో తప్పుంటే తిప్పి పంపుతా. మళ్లా వచ్చే నెల ఒకటో తేదీనే తీసుకునేది. అంతదాకా పిల్ల బడికి రావల్సిందే."

"పిల్లకూ సరిగ్గా రాసేకి రాదు గదా."

"అందుకే బడికి పంపు. రాసేకి వచ్చినాక మానిపిద్దువు."

ఆదెన్న దీంట్లో మెలిక ఎక్కడుందో దొరక్క, తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ అర్జీ నమూనా అయ్యవారు స్వయంగా తయారు చేసింది. పన్నెండు వరసలు. "నా జ్యేష్ఠపుత్రిక" దగ్గర మొదలై, "గృహకృత్య నిర్వహణ నిమిత్తము", "పాఠశాల నుండి నిష్క్రమణ", "కృతజ్ఞతాపూర్వక" మీదుగా సాగేది. తెలుగులో ఉన్న ఒత్తులన్నీ అందులో ఉండేవి. దాన్ని తప్పు లేకుండా రాయగలిగిన పిల్ల తాలూకా ఆఫీసులో గుమాస్తాగిరీ చేయవచ్చు. తప్పుల చుట్టూ ఎర్రసిరా సున్నాలు చుట్టి తోసిపుచ్చిన అర్జీలన్నీ ఒక రేకుపెట్టెలో దాచేవారు. ఊరంతా ఆయన్ను చూసి నవ్వుకునేది. సంతలో పక్కూరి వాళ్లు "మీ పిచ్చి అయ్యోరు ఎట్లుండాడు?" అని పలకరించేవారు. నవ్వుతూనే ఆదెన్న నెలకో అర్జీ పట్టుకొచ్చి, నవ్వుతూనే ఉత్తచేతులతో తిరిగిపోయేవాడు.

ఇక నవ్వులు ఆగిపోయిన సంగతికి వస్తాను.

1931లో ధరలు పడిపోయాయి. గుడ్డకు గిరాకీ లేదు, ధాన్యానికి ధర లేదు. భూమిశిస్తుతో పాటు వసూలయ్యే విద్యాపన్ను సగానికి సగం రాలేదు. సర్కారు గ్రాంటు తగ్గింది. తాలూకా బోర్డు వాళ్లు మూసేయాల్సిన బడుల జాబితా ఒకటి వేశారు. అందులో మా సాలెదిన్నె పేరు ఉంది.

పేరు ఊరికే ఎక్కలేదు. బోర్డు మెంబర్లలో నూలు శివన్న అనే వ్యాపారి ఉండేవాడు. మూడు మైళ్ల అవతల గోనెగుట్ల ఆయన ఊరు. మా ఊరి అరవై మగ్గాలకూ నూలు ఆయన కొట్టు నుంచే రావాలి. మా బడిని తీసుకెళ్లి గోనెగుట్ల బడిలో కలిపేస్తే, పిల్లలు పెరిగారని అక్కడ కొత్త గది కావాలి. ఆ గది ఆయన గిడ్డంగి పక్కనే సిద్ధంగా ఉంది, బోర్డు అద్దె కట్టుకుంటుంది. మధ్యలో వంక, అంటే వాగు, దాటాలనీ, ఏడెనిమిదేళ్ల పిల్లలు మూడు మైళ్లు నడవరనీ ఆయనకు తెలుసు. నడవని పిల్లలు కండెలు చుడతారు. కండెలు చుడితే గుడ్డ మగ్గం మీది నుంచి త్వరగా దిగుతుంది. అన్ని వైపులా ఆయనకు కలిసొచ్చే ఏర్పాటు.

సోమవారం డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు విచారణకు వస్తున్నారని తాఖీదు వచ్చింది. ఆ ముందు శుక్రవారం శివన్న గూడుబండి మా ఊళ్లోకి వచ్చింది. నూలు పంచుతూ, "పట్టీలో ఒక వేలు వెయ్యండప్పా, సంతకాలంటే పొద్దుపోతాది" అని అందరి చేతా వేలిముద్రలు వేయించుకుని పోయాడు. అది నూలు పట్టీ కాదని, "మాకు బడి అక్కర్లేదు" అనే అర్జీ అని బండివాడి నోటి నుంచి మర్నాటికి బయటపడింది.

నేను పరిగెత్తుకుంటూ బడికి వచ్చాను. నా జీతం మీద మా అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు బతుకుతున్నారు.

"అయ్యవారూ, మోసం జరిగింది! సోమవారం బడి మూసేస్తారు!"

"రాసియ్యి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. చేతిలో సుద్దముక్క నేలకేసి కొట్టాను. తర్వాత కూర్చుని, పళ్లు బిగబట్టి, శుక్రవారం సంగతంతా ఒక పేజీ నిండా రాశాను. కోపంలో ఎన్ని తప్పులు పోయాయో నాకే తెలియదు. అయ్యవారు చదివారు. ఎర్రసిరా కలం ముట్టుకోలేదు. తేదీ లేదని కూడా అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన దిద్దని కాగితం నేను చూడడం అదే మొదలు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

సోమవారం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. కోస్తా వైపు మనిషి, పొట్టిగా, గట్టిగా, నిప్పులాంటి పండితుడు. తలపాగా తీయకుండా కుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీలో నూలు శివన్న. పిల్లలు వరసల్లో నేల మీద. గోడల వెంట మగవాళ్లు, గుమ్మం బయట ఆడవాళ్లు.

ఇన్‌స్పెక్టరుగారు అర్జీ చదివారు. "నలభై ఒక్క వేలిముద్రలు. ఊరికి బడి అవసరం లేదని మీరే అంటున్నారు. ఈ ముద్రలు మీవేనా?"

మగవాళ్లు తలలు దించుకున్నారు.

"కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

శివన్న మెల్లగా ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చాడు. గొంతులో తేనె ఒలికింది. "చెప్పండప్పా, భయమేంటికి? వచ్చే శుక్రవారం మళ్లా నూలు బండి వస్తాది. మనమంతా ఒకింటోళ్లమే గదా."

ఆ మాటతో అందరి తలలూ ఇంకో అంగుళం వంగాయి. ఆదెన్న తన కాలి బొటనవేలిని చూస్తున్నాడు.

అప్పుడు మద్దయ్య అయ్యవారు లేచారు. "సార్, ఈ ఊళ్లో నా దగ్గరికి వచ్చిన ప్రతి తండ్రీ సంతకం నేర్చుకున్నోడే. సంతకం వచ్చినోళ్లు వేలిముద్ర ఏంటికి వేస్తారు? సాక్ష్యం ఉండాది, చూడండి." గబగబా రేకుపెట్టె తెచ్చి, ఇన్‌స్పెక్టరుగారి ముందు బోర్లించారు. రెండు వందల పైచిలుకు కాగితాలు. ప్రతిదాని కిందా వంకరటింకరగానైనా ఒక సంతకం.

ఇన్‌స్పెక్టరుగారు ఒకటి తీశారు. "నా జ్యేష్ఠపుత్రికను పాఠశాల నుండి..." ఇంకొకటి తీశారు. "నిష్క్రమణ..." మూడోది తీశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

శివన్న కూడా ఒక కాగితం అందుకుని చదివాడు. చదివి, కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. "సార్, నేను తెచ్చినవి నలభై ఒకటే. ఈయప్ప రెండు నూర్లు పెట్టుకోనుండాడు! అన్నీ బడి వద్దనే!"

సంతకాల ధ్యాసలో పడి అయ్యవారు అసలు కాగితంలో ఏముందో మరచిపోయారు. ఆయన పిచ్చే మమ్మల్ని ముంచేసింది.

"ఇన్ని అర్జీలు వస్తే మీరు బోర్డుకు ఎందుకు తెలియజేయలేదు?" ఇన్‌స్పెక్టరుగారి గొంతు కఠినంగా ఉంది.

"తప్పులుండాయి సార్. తప్పులున్న అర్జీ తీసుకోరాదు."

"ఏ రూలు ప్రకారం?"

అయ్యవారు చెదిరిన కాగితాలు సర్దసాగారు. అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

ఇన్‌స్పెక్టరుగారు హాజరుపట్టీ లాక్కుని పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరూ పిలవడం, పెట్టెలోని అర్జీ చూడడం, వరసలోని పిల్లను చూడడం. "హాజర్." "హాజర్ సార్." బడి మానేస్తున్నామని రాసిన పిల్లలందరూ ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు. పట్టీలో ఉన్న నలభై ముగ్గురిలో ఆ రోజు ముప్పై తొమ్మిది మంది వచ్చారు. తాలూకాలో ఏ బడికీ అంత హాజరు లేదు.

"హనుమమ్మ. ఈ పిల్లవి పదకొండు అర్జీలు ఉన్నాయి. ఏదీ, ఇలా రామ్మా."

పదకొండేళ్ల హనుమమ్మ లేచి వచ్చింది. పరికిణీ కుచ్చెళ్లు రెండు చేతులా పట్టుకుంది.

"ఈ అర్జీ నల్లబల్ల మీద రాయి. చూడకుండా. మీ చదువేమిటో, మీ అయ్యవారి బోధన ఏమిటో నేను చూడాలి."

అది ఎంత చిక్కో ఆ పిల్లకు తెలుసు. తప్పులతో రాస్తే బడిలో చదువు లేదని బడి పోతుంది. తప్పు లేకుండా రాస్తే అయ్యవారి మాట ప్రకారమే తన పేరు పోతుంది. హనుమమ్మ అయ్యవారిని చూసింది. ఆయన చూపు తిప్పుకున్నారు. తండ్రిని చూసింది. ఆయన ఇంకా బొటనవేలినే చూస్తున్నాడు. సుద్ద తీసుకుంది.

ఆ గదిలో సుద్ద గీసుకునే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పన్నెండు వరసలు. ముత్యాల్లాంటి అక్షరాలు. చివరి చుక్క పెట్టి, చేతులు దులుపుకుని, పక్కకు జరిగింది.

ఇన్‌స్పెక్టరుగారు లేచి దగ్గరికి వెళ్లి చదివారు. "ఒక్క తప్పు లేదు," అన్నారు. "పట్నం బళ్లల్లో కూడా ఇలా రాసేవాళ్లను చూడలేదు."

మరుక్షణం శివన్న అందుకున్నాడు.

"అయితే అయిపాయ గద సార్. తప్పు లేకుంటే అర్జీ చెల్లుతాదని ఆయప్పే అంటాడు. ఆ పిల్ల పేరు కొట్టెయ్యండి. అదే కాగితం మిగతా పిల్లోళ్లూ చూసి రాస్తారు, అన్నీ చెల్లుతాయి. ఇంక బడెవరికి?"

ఇన్‌స్పెక్టరుగారు అయ్యవారి వైపు తిరిగారు. "నియమం మీరు పెట్టిందే. ఏమంటారు?"

మద్దయ్య అయ్యవారు నల్లబల్ల ముందుకు వెళ్లి నిలబడ్డారు. సుద్ద తీసుకున్నారు. ఎదురుగా పండితుడు. తానేమో ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఎవరి దీర్ఘం జారినా వదలని మనిషి. కళ్లు మూసుకుని, "జ్యేష్ఠ" అనే మాట చుట్టూ సున్నా చుట్టారు.

"ఇది తప్పు సార్."

"అది సరిగానే ఉంది!"

"నాకు తప్పుగా కనపడతాంది సార్."

ఇన్‌స్పెక్టరుగారి ముఖం ఎర్రబడింది. "హెడ్మాస్టరుకే ఈ మాట రాకపోతే బడి ఉండి ఏం లాభం? మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకునే మాట్లాడుతున్నారా?"

అయ్యవారు తల వంచుకున్నారు. సున్నా మాత్రం చెరపలేదు.

"తప్పే సార్," అని వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

ఆదెన్న. తల ఎత్తి నిలబడి ఉన్నాడు.

"నీకు చదువు వచ్చా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"ఈ ఒక్క కాగితం చదివేకి వస్తాది సార్. ఏడాదిగా మా ఇంట్ల ఇదే వల్లె వేస్తాండారు. మగ్గం గుంతలో కూచోని నేను నేర్చుకుంటి. తప్పుండాది."

"ఎక్కడ?"

ఆదెన్న ముందుకు వచ్చాడు. శివన్న కుర్చీ పక్క నుంచే నడిచి, నల్లబల్ల దగ్గర కాసేపు చూసి, అయ్యవారు చుట్టిన మాట కాక ఐదో వరసలో ఇంకో మాట మీద వేలు పెట్టాడు. "ఇది."

గుమ్మం దగ్గర నుంచి ఆయన భార్య నాగక్క అందుకుంది. "అదొకటే యాడ? కింద ఇంకా శానా ఉండాయి సార్. పొయ్యికాడ నేనూ చదివినా."

"రెండో వరసలో రెండు తప్పులు," అన్నాడు గోడకు ఆనుకున్న ముసలి నేతగాడు.

"ఆ కృ దగ్గర సూడండి. నా కండ్లకే కనపడతాంది."

"మొదటి మాటే తప్పు!"

ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, వేలు పెడుతున్నారు. అయ్యవారు సున్నాలు చుడుతున్నారు. ఐదు నిమిషాల్లో నల్లబల్ల మీద తప్పు కాని అక్షరం ఒక్కటీ మిగల్లేదు. చివరికి చుక్క కూడా వంకరగా ఉందని ఎవరో అన్నారు.

శివన్న లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, మీకందరికీ పిచ్చి పట్టెనా? నూలు సంగతి మరిసిపోయినారా?"

ఆదెన్న ఆయనకు దండం పెట్టాడు. "మేం బడి కావాలని అనలేదు శెట్టిగారూ. మీ మాటకు ఎదురు చెప్పలేదు. రాతలో తప్పుండాదంటాండాం. అంతే గదా."

ఇన్‌స్పెక్టరుగారు నల్లబల్ల వైపు చాలాసేపు చూశారు. తర్వాత జనం వైపు చూశారు. రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు, ఎందుకో మూతి దగ్గర ఎక్కువసేపు తుడుచుకున్నారు. వేలిముద్రల అర్జీ తీసి అయ్యవారి చేతికి ఇచ్చారు. "ఇది కూడా కాస్త చూడండి."

అయ్యవారు ఎర్రసిరా కలం తెరిచారు. తొమ్మిది తప్పులు చుట్టారు. అవి మాత్రం నిజమైన తప్పులే.

ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో కూర్చుని రిపోర్టు రాసి, పైకి చదివారు. "బడి అక్కర్లేదని వచ్చిన అర్జీలన్నింటిలోనూ తప్పులు ఉన్నట్లు గ్రామస్థులే ఒప్పుకొన్నారు. తప్పు లేని అర్జీ వచ్చునంతవరకు ఈ పాఠశాలను మూయుటకు వీలులేదని సిఫార్సు చేయడమైనది. హాజరు సంతృప్తికరము."

ఆ శుక్రవారం నూలు బండి రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. మగ్గాలు ఆగిపోయాయి. ఆదెన్న ఇంట్లో ఒకపూట పొయ్యి వెలగని రోజులున్నాయి. నా ముందు ఎవరూ ఏమీ అనలేదు గానీ, వీధిలో నడవడానికి నాకు కాళ్లు వచ్చేవి కావు. మూడో శుక్రవారం బండి వచ్చింది. అరవై మగ్గాలు ఆగితే శివన్న కొట్టూ ఆగుతుందని ఆయనకు తెలియడానికి అన్ని రోజులు పట్టింది.

ఆరు వారాలకు బోర్డు తీర్మానం వచ్చింది. బడి ఉంటుంది, ఇద్దరు మాస్టర్లూ ఉంటారు. కింద ఇంకో వాక్యం ఉంది. "జ్యేష్ఠ శబ్దము తప్పని చెప్పిన హెడ్మాస్టరు అక్షరజ్ఞానము సంశయాస్పదముగా ఉన్నందున వారికి ఒక సంవత్సరము జీతపు పెంపు నిలుపుదల చేయడమైనది." ఆ మాట ఎదురుగా విన్నాక ఇన్‌స్పెక్టరుగారికి అది బోర్డుకు రాయక తప్పలేదు కాబోలు.

ఆ కాగితం పట్టుకుని మండిపడుతూ అయ్యవారి ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం వేళ. ఆయన జొన్నరొట్టె తింటున్నారు, హంపమ్మగారు పొయ్యి దగ్గర ఉంది. ఆయన చదివి, నవ్వి, పక్కన పెట్టారు.

"ఇది అన్యాయం అయ్యవారూ! మీకు జ్యేష్ఠ రాయడం రాదంటే ఊళ్లో అంతా నవ్వుతారు."

"ఇరవై ఏండ్లుగా నవ్వుతానే ఉండారు గదా నాయనా. అదే కావాల," అన్నారు. "ఆడపిల్లను ఇంకా బడికి పంపుతాండావా అని ఆదెన్నను వాళ్లన్న అడుగుతాడు, కులపెద్దలు అడుగుతారు, కొట్లో శెట్టి అడుగుతాడు. పంపుతాండా అని నోటితో చెప్పే ధైర్యం అందరికీ యాడుంటాది? 'మానిపిద్దామనే ఉండా, ఆ పిచ్చి అయ్యోరు ఒప్పుకోల్యా' అని చెప్పుకునేకి ఊరికొక పిచ్చోడు కావాల."

నేను ఆ కాగితం తీసి మడుచుకుని, ఆయన పక్కన కూర్చున్నాను. హంపమ్మగారు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ముందు కూడా ఒక రొట్టె పెట్టింది.

"ఆ పిల్ల మూడో కాగితం నుంచి ఒక్క తప్పూ రాయల్యా నాయనా," అంది. "ఎర్రసిరా పట్టుకోని ఈయప్ప పూటంతా కూచుంటాడు, సున్న యాడ చుట్టాలో తెలీక. సరిగ్గా ఉన్నదాన్ని తప్పనేకి చెయ్యి రాదు. చుట్టినాక ఆ పొద్దు అన్నం తినడు. చూళ్లేక నేనే ఒకనాడు హనుమమ్మను పిల్చి, 'తల్లీ, నువ్వే యాడన్నా ఒక తప్పు రాయి, అయ్యోరికి సులువుగా ఉంటాది' అంటి."

"ఏమంది?"

"'తప్పు రాసేకి నాకు రాదు అయ్యోరమ్మా, అయ్యోరు నేర్పల్యా' అనింది."

అయ్యవారు చేతిలోని రొట్టెముక్క నోట్లో పెట్టుకున్నారు. అది నమిలి మింగేదాకా మా ఇద్దరి వైపూ చూడలేదు.